మా కారు ఉండేది హైదరాబాద్‌లోనేనట!

పొరుగు రాష్ట్రంలో కారు కొనుక్కోండి. కొండ మీద ఉన్నవాళ్లయితే తప్పకుండా కొనుక్కోండి! ఇల్లు కదలకుండా, అద్దె కట్టకుండా మహానగర వాసులైపోవడానికి ఇంతకంటే సులువైన దారి నాకు కనిపించలేదు.

నాది అరకు పైన, మెయిన్ రోడ్డు దిగాక ఇంకా మూడు కిలోమీటర్లు ఎక్కాల్సిన ఊరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఏది కొనాలన్నా విచారించి కొనే బాధ్యత నాది. మా అమ్మ రత్నాలుకు మోకాళ్లు అరిగిపోయాయి. వారం వారం అరకు ఆసుపత్రికి వెళ్లి ఫిజియోథెరపీలో కాళ్లకు కరెంటు పెట్టించుకోవాలి. ఆటోలు మా ఎత్తు ఎక్కవు. అందుకే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకున్నాం.

ఇక్కడి కార్లు వద్దన్నాడు పక్కింటి భీముడు మావ. "ఘాటీ ఎక్కిన బండికి క్లచ్చి కాలిపోయుంటాది అల్లుడూ. సదునైన రోడ్డు మీద తిరిగిన పట్నం బండి సూడు" అన్నాడు. సబబే అనిపించింది. హైదరాబాద్ బండి తెచ్చాం.

ఇక్కడి నంబరు రావాలంటే ముందు అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, రావాలి. అది ఇదిగో బయల్దేరిందంటున్నారు. నడిచి వస్తున్నట్టుంది. అంతవరకు ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలో మా కారు హైదరాబాద్‌లో ఉన్నట్టే. ప్రీమియమూ మహానగరం రేటే!

మొదట్లో నేనూ అమాయకంగా బాధపడ్డాను. ఫోన్ చేశాను. భానుశ్రీ అనే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"మెట్రో సిటీల్లో రిస్క్ ఎక్కువ సార్. మీ ఏరియా రిజిస్ట్రేషన్ అయితే ప్రీమియం తగ్గుతుంది. అక్కడ రిస్క్ తక్కువ కదా."

ఎంత ధైర్యం చెప్పింది! పుట్టినప్పటి నుంచి ఈ ఘాట్ రోడ్డు మీద తిరుగుతున్నాను. మంచులో ముందున్న లారీ కనబడదు, మలుపు తిరిగితే గోడ ఉండదు, వానొస్తే కొండ కొంచెం కొంచెంగా రోడ్డు మీదికి వస్తుంది. ఇదంతా తక్కువ రిస్కని నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఆ మాట విన్నాక హాయిగా డ్రైవ్ చేస్తున్నాను.

పైగా హైదరాబాద్ మీద నాకొక హక్కు ఏర్పడింది. అక్కడి ట్రాఫిక్ జామ్‌కి కట్టేవాళ్లలో నేనూ ఒకణ్ని కదా! టీవీలో అక్కడి రోడ్ల మీద నీళ్లు నిలిచాయని చూపిస్తే, ఇక్కడ లేచి వెళ్లి మా కారు టైర్లు చూసుకుంటాను.

కారు దొంగతనానికి కూడా పట్నం రేటే కట్టాను. మా ఊళ్లో కారు దొంగిలించడం ఎలాగో నాకైతే తెలియదు. దొంగ తాళం తీసేలోపే "అరకేనా బాబూ?" అంటూ వెనక సీట్లో నలుగురు ఎక్కేస్తారు. ఒకరి ఒళ్లో కోడి కూడా ఉంటుంది. అందర్నీ సంతలో దించి, తిరిగి తెచ్చి ఇంటి ముందు పెట్టాల్సిందే.

ఇలా నా పౌరసత్వం సుఖంగా సాగుతుండగా వర్షాకాలం వచ్చింది. ఊరి కింద మలుపులో కారు ఆపి మందులకని పక్కనున్న కొట్టుకి వెళ్లానో లేదో, కొండ మీంచి ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి బానెట్ మీద కూర్చుంది. అప్పటికి కార్లో ఎవరూ లేరు. రేడియేటర్ పోయింది. అమ్మ మళ్లీ నడక మొదలుపెట్టింది.

క్లెయిమ్ కోసం ఫోన్ చేశాను.

"మీ లొకేషన్ మా సర్వీస్ ఏరియాలో లేదు సార్. డ్యామేజీ చూడ్డానికి సర్వేయర్ రాలేరు. హైదరాబాద్‌లో మా గ్యారేజీకి తీసుకొచ్చేయండి, అంతా క్యాష్‌లెస్" అంది భానుశ్రీ.

కారు నడిస్తే తీసుకురానా తల్లీ? అయినా చదువుకున్నవాణ్ని, విసుక్కోలేదు. ఇంకో దారి అడిగాను. యాప్‌లో లైవ్ వీడియో చూపించమంది. సిగ్నల్ ఉన్నది కొండ నెత్తి మీద. కారు ఉన్నది కొండ నడుం దగ్గర.

"కారు ఎక్కదు గానీ రాయెక్కుతాది గదేటి?" అన్నాడు భీముడు మావ. "దాన్నే మోసుకెల్లి సూపించీద్దాం. నేరం సేసింది అదే గదా!"

ఇద్దరం మోశాం. సిగ్నల్ దగ్గర రాయిని నాలుగు వైపులా తిప్పి లైవ్‌లో చూపించాం. భానుశ్రీ శ్రద్ధగా చూసింది.

"రాయి క్లియర్‌గా ఉంది సార్. కారు కనబడటం లేదు."

క్లెయిమ్ మూసేశారు. అయినా నేను కంపెనీని ఒక్క మాట అనను. వాళ్ల లెక్క వాళ్లకుంది. మా ఏరియాలో క్లెయిమ్‌లు లేవు కాబట్టి రిస్క్ లేదు. సర్వేయర్ రాడు కాబట్టి క్లెయిమ్‌లు లేవు. ఇంతకంటే భద్రమైన ప్రాంతం దేశంలో ఇంకెక్కడుంటుంది?

ఏడాది తిరిగింది. మొన్న ఒక పొద్దున, మూడు కిలోమీటర్ల ఎత్తూ ఎక్కి, బురదలో ఒక బైకు మా ఇంటి ముందు ఆగింది. టక్ చేసుకున్న కుర్రాడు దిగాడు. పేరు కామేష్. అదే కంపెనీ. రెన్యువల్ కోసం వచ్చాడట.

"మా లొకేషన్ మీ సర్వీస్ ఏరియాలో లేదన్నారు కదండీ?" అన్నాను.

"అది క్లెయిములకండీ" అన్నాడు, బూట్ల బురద మా మెట్టుకు గీకుతూ. "రెన్యువల్‌కి ఇండియా అంతా మా ఏరియాయే."

అంతలో అమ్మ సంచీ పట్టుకుని వచ్చి అతని బైకు వెనక కూర్చుంది.

"ఎలాగూ కొండ దిగుతావు గదా బాబూ, బేగి తియ్యి బండి. ఇయాల నాకు కరెంటు పెట్టించుకునే రోజు."

"అమ్మా, నాకింకా రెండు ఊళ్లున్నాయి..."

"ఉండనీ. ఆళ్లెక్కడికి ఎల్లిపోతారు? ఆళ్ల కార్లూ సెడిపోయుంటాయి."

కామేష్ అమ్మను అరకు ఆసుపత్రి గేటు దాకా దింపాడు. కట్టిన ప్రీమియానికి మాకు దక్కిన మొదటి సేవ అదే. సాయంత్రం మాత్రం అమ్మ నడిచే కొండెక్కింది. గుమ్మంలో కూలబడి, మోకాళ్లు నొక్కుకుంటూ అడిగింది:

"ఒరే, ఈ రెన్యువల్ అన్నది ఏడాదికోసారేనేటి? వారం వారం పెట్టమని సెప్పరాదా?"

పాఠకులారా, కంపెనీకి దరఖాస్తు రాసి పంపాను. ప్రీమియం హైదరాబాద్ రేటే ఉంచండి, అభ్యంతరం లేదు. వసూలుకు మాత్రం వారం వారం మనిషిని పంపండి. పొద్దున దిగడానికి ఒకసారి, సాయంత్రం ఎక్కడానికి ఒకసారి.