ఏడో నంబరు తలుపు

ఆ ఉదయం ఆకాశం బూడిదరంగుకి తిరిగి, యెల్లోస్టోన్ నది మీదికి వాలిపోయి ఉంది. రేపో ఎల్లుండో మంచు పడుతుందని వంతెన కింద గుడారంలో ఉండే డెల్మర్ ఓస్ట్‌బీకి అతని మోకాళ్ళే చెప్పాయి. మాజీ సైనికులకిచ్చే వెచ్చటి గదుల్లో ఇక ఒక్కటే మిగిలింది. అతనికి నిజంగా ఇల్లు లేదని కళ్ళారా చూసి రాసుకోవడానికి సంక్షేమ ఆఫీసు నుంచి ప్రూయిట్ మేడమ్ మధ్యాహ్నం వస్తానంది. అందాకా కదలకుండా కూర్చోవాలన్నదే డెల్మర్ పథకం.

పక్క గుడారంలోని రూఫస్ టిబ్బెట్స్ ఒకప్పుడు సార్జెంటు. పై ఆఫీసరు చూడటానికి వస్తోందంటే ఊరికే కూర్చోవడం అతని ఒంటికి పడదు.

"ఇలాగే ఉంటే పరువు పోతుందిరా డెల్మర్," అంటూ చీపురందుకున్నాడు.

డెల్మర్ గుడారం ముందు నేల ఊడ్చాడు. చుట్టూ రాళ్ళు పేర్చి సున్నం కొట్టాడు. సైన్యంలోలాగే, నాణెం వేస్తే ఎగిరిపడేలా పక్క మీద దుప్పటి బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పాత సామాన్ల కొట్టువాడు పారేసిన తలుపొకటి మోసుకొచ్చి గుడారం ముందు నిలబెట్టాడు. దాని మీద ఇత్తడి ఏడు అంకె ఉంది. చర్చి నుంచి సూపు తెచ్చిన ఆవిడ ముచ్చటపడి పూలకుండీ ఇచ్చింది. పోస్ట్‌మాన్ అంకె చూసి, విత్తనాల ప్రకటన ఒకటి తలుపు కింద దూర్చి, ఏటి ఒడ్డున కొత్త ఇల్లు వెలిసిందని మునిసిపాలిటీకి ఫోన్ చేశాడు.

ప్రూయిట్ వచ్చి చాలాసేపు చూసింది. "ఇంత చక్కటి ఇల్లు పెట్టుకుంటే, లేదని ఎలా రాయను?"

"తలుపు వెనక గోడ లేదు మేడమ్," అన్నాడు డెల్మర్.

"గోడల మరమ్మతు వేరే ఆఫీసు చూస్తుంది."

"ఉత్తరాలు కూడా వస్తున్నాయి మేడమ్," అన్నాడు రూఫస్ ఛాతీ విరుచుకుని.

ప్రూయిట్ పెన్ను మూసేసింది. డెల్మర్ రూఫస్ వైపు చూడకుండా ఏటి వైపు చూశాడు.

అంతలో మునిసిపాలిటీ మనిషి లారీతో దిగాడు. ఇన్నాళ్ళూ ఆ గుడారం పక్కనుంచే పోతూ ఏమీ అనని మనిషి, ఈ ఇంటికి అనుమతి ఏదని అడిగాడు. ఇది ఇల్లు కాదన్నాడు డెల్మర్. మునిసిపాలిటీ మనిషి ప్రూయిట్‌ను అడిగాడు. ఇల్లేనని ఆమె ఇప్పుడే చెప్పి ఉంది, కాదనలేకపోయింది. తలుపు, గుడారం, పూలకుండీ అన్నీ లారీ ఎక్కాయి. తలుపు లేదు గనక రూఫస్ గుడారం జోలికి ఎవరూ పోలేదు.

సున్నం రాళ్ళ మధ్య డెల్మర్ దుప్పటి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. ప్రూయిట్ మళ్ళీ పెన్ను తీసింది.

"ఇప్పుడు చెప్పండి. మీకు ఇల్లుందా?"

"ఇందాకటిదాకా ఉండేది మేడమ్."

ఆమె సంతకం పెట్టేసింది.

సాయంత్రం వెచ్చటి గదిలో ముగ్గురూ బీన్సూ మొక్కజొన్న రొట్టే ముందు పెట్టుకున్నారు. ఇంకో గది ఖాళీ అయితే రూఫస్ వంతేనంది ప్రూయిట్. రూఫస్ తలవంచుకుని తింటూనే, అంకె ఎక్కడ పడుతుందా అని ఆ గది తలుపును చూపుతో కొలుచుకున్నాడు.