నిరుటి టైరు

ఆ శనివారం పొద్దున ఆర్విడ్ చేయాల్సిన పని ఒక్కటే. మినియాపొలిస్ శివారు చెరువు దగ్గర పక్షులు చూసే బృందానికి లూన్ అనే నీటిపక్షిని ఒకదాన్ని చూపించాలి. వసంతంలో ఉత్తరానికి పోయే లూన్లు ఆ చెరువులో ఒక పూట దిగి, చేపలు తిని వెళ్తాయి. విజిల్ మెడలో వేసుకుని ఏళ్ల తరబడి ఆ బృందాన్ని నడిపిస్తున్నది అతనే. కానీ నిరుడు నీళ్లమీద తేలుతున్న టైరును చూపించి లూన్ అన్నాడు. అందరూ దానివంక చాలాసేపు భక్తిగా చూశాక బృందంలోని డార్లీన్ అసలు సంగతి చెప్పింది. ఈసారీ పొరబడితే విజిల్ డార్లీన్‌కి ఇప్పించాలని బృందం నిర్ణయించుకుంది. మర్యాదస్తులు కనుక ఆ మాట అతనితో అనలేదు, అతని భార్య మావిస్‌తో అన్నారు. డెబ్భై దాటిన మనిషి, ఆ విజిల్ తప్ప వేరే గొప్ప లేనివాడు, ఆవిడ నోట అది విని, ఆవిడతో కలిసి దిగులుతోనే కారెక్కాడు.

దారిలో వాన వెలిసింది. కిరాణా దుకాణం ముందు పార్కింగు స్థలం తడిసి మెరుస్తోంది. దాని నట్టనడుమ ఒక లూన్ కూర్చుని ఉంది. తడి తారును నీళ్లనుకుని దిగింది పాపం. కాళ్లు తోక దగ్గరుండే పక్షి, నేలమీద నడవలేదు, నీళ్లమీద పరుగెడితే గాని ఎగరలేదు. ఆర్విడ్ కోటు విప్పి దానిమీద కప్పాడు. అది ముందు అతని చేతిని పొడిచి, తరవాత కోటు పాడుచేసింది. దాన్ని పెట్టడానికి, బృందం కోసం మావిస్ చేసిన దాల్చినచెక్క బన్నుల పెట్టె తప్ప మరొకటి లేదు. బన్నులు ఆర్విడ్ టోపీలోకి మారాయి. లూన్ పెట్టెతో సహా మావిస్ ఒళ్లోకెక్కి, దారిపొడవునా వెర్రినవ్వు నవ్వింది; లూన్ కూత అలాగే ఉంటుంది. ఆ నవ్వు విని ఒక పోలీసాయన వాళ్ల కారు ఆపించి, మావిస్‌ను ఒంట్లో ఎలా ఉందని నెమ్మదిగా అడిగాడు. నవ్వింది తను కాదని ఆవిడ నమ్మించేసరికి బాగా ఆలస్యమైంది.

"అదృష్టం ఒళ్లో కూర్చుంది. వాళ్లముందే నీళ్లలో వదిలెయ్," అంది మావిస్.

"పట్టుకొచ్చి వదిలితే చూపించినట్టు కాదు."

"నిరుటి టైరు కంటే నయమేగా?"

"అది పొరపాటు. ఇది మోసం."

చెరువుకు అవతలి గట్టున పొదల చాటుకు పోయి లూన్‌ను నీళ్లలో వదిలాడు. అది వెనక్కి చూడకుండా సాగిపోతుంటే అతనికి కళ్లు చెమర్చాయి. విజిల్ పోయినట్టేనని కూడా అప్పుడే అర్థమైంది.

ఇవతలి గట్టున బృందమంతా గంభీరంగా ఉంది. డార్లీన్ దుర్బీను మీంచి కన్ను తీయకుండానే మొదలుపెట్టింది.

"ఇప్పుడా రావడం, ఆర్విడ్? అవతల ఎవడో దౌర్భాగ్యుడు పెట్టెలోంచి పాత టైరు తీసి చెరువులో పడేసిపోయాడు. మునిసిపాలిటీకి ఫోన్ చేసి, మనిషి పోలికలు కూడా చెప్పాను."

"ఎలా ఉన్నాడేంటి?" అంది మావిస్.

"ముసలాడు. నెత్తిన టోపీ లేదు."

అందరూ ఆర్విడ్ నెత్తివంక, తరవాత చేతిలో ఉన్న బన్నుల టోపీవంక చూశారు. అంతలో టైరు మునిగింది. టైర్లంతేనంది డార్లీన్. కాసేపటికి ఆ టైరు గట్టుకు దగ్గరగా చేపను పట్టుకుని పైకి లేచింది. ఎర్రటి కంటితో అందరినీ ఒకసారి చూసి, చేపను మింగి, నవ్వింది.

అది తన కారులో వచ్చిందని, లెక్కలోకి రాదని ఆర్విడ్ జరిగిందంతా చెప్పేశాడు. మెడలోంచి విజిల్ తీసి డార్లీన్ ముందు చాపాడు.

డార్లీన్ ఆ విజిల్‌ను, తన దుర్బీనును మార్చి మార్చి చూసింది.

"నువ్వు టైరుని పక్షి చేశావు. నేను పక్షిని టైరు చేశాను. నువ్వే నయం, వేసుకో," అని టోపీలోంచి ఒక బన్ను తీసుకుంది.

మధ్యాహ్నం మునిసిపాలిటీవాళ్లు పడవ వేసుకొచ్చి, చెరువంతా గాలించి, టైరు తీసుకుపోయారు. అది నిరుటిది.