ఓనోను అడగకూడని ప్రశ్న

మంగళవారం ఉదయం ఏడు గంటలకు, జర్మనీ ఉత్తరాన లేయర్ పట్టణంలో, ఇళ్లకు పెంకులు వేసే మేస్త్రీ హార్మ్ తన దగ్గర పనిచేసే ఓనోను "మనసులో ఎలా ఉంది?" అని అడిగాడు.

అంతకుముందు ఎన్నడూ అడగలేదు. రోజూ షెడ్డు తలుపు తీస్తూ హార్మ్ "ఏం?" అంటాడు. ఓనో "ఊఁ" అంటాడు. ఇద్దరూ నిచ్చెనలు వ్యాన్‌కెక్కిస్తారు. ఓనో భార్య పోయిన మర్నాడు కూడా "ఏం?" అనే అడిగాడు, కాకపోతే కాస్త నెమ్మదిగా. ఓనోకు అది చాలింది.

కానీ హార్మ్ మోకాళ్లు అరిగిపోయాయి. పని ఓనోకు అప్పగించాలి. ఓనో కాదంటే షెడ్డుకు తాళమే. పొద్దున టీ పోస్తూ భార్య టేడా చెప్పింది: "ఎకాఎకిన అడిగితే బెదిరిపోతాడయ్యా. ముందు మనిషిని మనిషిలా పలకరించు. ఆ 'ఏం' కాదు. నిండుగా ఒక మాట."

హార్మ్ నిండుగా పలకరించాడు. ఓనో చేతిలోంచి నిచ్చెన జారింది.

"నీకేమైంది?"

"నాకేం కాలేదు. నిన్నే అడుగుతున్నా."

కాసేపటికి హార్మ్ మోకాలు పట్టుకుని, "ఇంకెన్నాళ్లులే" అన్నాడు.

టిఫిను వేళకి ఓనో బేకరీకి వెళ్లి, కౌంటరు దగ్గరున్న గేషెతో చెప్పాడు. "హార్మ్ నన్ను మనసు గురించి అడిగాడు."

గేషె బ్రెడ్డు కింద పెట్టింది. "అయ్యో! ఎన్నాళ్లంటున్నారు డాక్టర్లు?"

"ఇంకెన్నాళ్లులే అన్నాడు."

మధ్యాహ్నం హార్మ్ భోజనానికి ఇంటికి వెళ్లేసరికి పక్కింటావిడ పళ్లెం నిండా వెన్న కేకు తెచ్చింది. అక్కడ అంత కేకు చేసేది శ్మశానం నుంచి వచ్చినవాళ్లకి పెట్టడానికే.

"ఎవరు పోయారు?" అన్నాడు హార్మ్.

"నీ గుండె ధైర్యం గొప్పది" అని చెయ్యి నిమిరి వెళ్లిపోయింది.

పాస్టరు ఫోన్ చేశాడు. "మనసులో ఎలా ఉంది, హార్మ్?"

హార్మ్ కుర్చీలో కూలబడ్డాడు. "టేడా, డాక్టరు నీతో ఏమన్నాడు? నిజం చెప్పు."

"మోకాళ్లన్నాడు."

"మోకాళ్లతో ఎవరైనా పోతారా?"

"ఇంతవరకూ వినలేదు."

సాయంత్రం ఓనో చావులకు వేసుకునే నల్ల కోటులో వచ్చాడు. "నువ్వేం చెప్పక్కర్లేదు. పని నేను చూసుకుంటా. వ్యాన్ మీద నీ పేరు అలాగే ఉంచుతా. నువ్వు నిశ్చింతగా వెళ్లు."

హార్మ్ నోరు తెరిచాడు. టేడా బల్ల కింద అతని కాలు తొక్కింది. "ముందు చెయ్యి కలపండి" అంది. కలిపారు.

"ఇంతకీ నేనెక్కడికి వెళ్లాలి?" అన్నాడు హార్మ్.

"మోకాళ్ల ఆపరేషన్‌కి" అంది టేడా.

ఓనో కేకు వైపు చూశాడు. "మోకాళ్లేనా?"

"మోకాళ్లే."

ఓనో కోటు విప్పి కూర్చుని, కేకు కోశాడు. "కలిపిన చెయ్యి కలిపినట్టే. కానీ ఇంకోసారి నన్నలా అడిగావంటే ఊరుకోను."

బుధవారం ఉదయం షెడ్డు తలుపు ఓనో తీశాడు. "ఏం?" అన్నాడు. హార్మ్ "ఊఁ" అన్నాడు.