ఎజ్రాకి దక్కిన బెంచీ

సంతలో అల్లం అమ్మి, ఎండుచేపలు కొని, పొద్దుండగానే ఇల్లు చేరాలనుకుంది మగ్దలేనమ్మ. జి.మాడుగుల సంత రోజున అక్కడి ఎస్టీడీ బూత్‌కి కొడుకు ఎజ్రా ఫోను చేస్తాడు. కుర్రాణ్ణి ఆ ఏడే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బొకటి జీతమిచ్చి తీసుకుంది.

“ఎలాగున్నావురా?”

“ఏటి సెప్పమంటావే అమ్మా! అందరూ ఆడతన్నారు. నన్ను మాత్రం బెంచీ మీద కూకోబెట్టీసినారు.”

మగ్దలేనమ్మ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. కొండ మీది వాళ్ళ ఊరి మొత్తానికి బెంచీ ఒక్కటే. దాని మీద కూర్చునేది ఊరిపెద్ద భీముడు. ఎమ్మార్వో వచ్చినా ఆయన జరిగితేనే చోటు.

“ఇంత సిన్న వయసులోనేనా, నాయనా!” అని కళ్ళు తుడుచుకుంది.

“ఏడవకే. వచ్చే నెల విశాఖపట్నంలో ఆటుంది, రా. అక్కడైనా...” అంటుండగా లైను తెగింది.

ఎండుచేపల సంగతి మరిచి ఊళ్ళోకి పరుగెత్తింది. “మామా, మా గుంటడికి బెంచీ ఇచ్చినారు!”

భీముడు తన బెంచీ మీద కాస్త సర్దుకున్నాడు. “నాకు తల నెరిసినాక వచ్చింది. మరి మిగతావోళ్ళో?”

“ఆళ్ళు పరిగెడతన్నారంట.”

“మరేటి! పనోళ్ళు పరిగెట్టాల, పెద్దోడు కూకోవాల.”

ఆదివారం ప్రార్థనలో ఆ బెంచీ కోసం స్తోత్రం చెప్పారు. ఆడవాళ్ళు బూరుగుదూదితో మెత్తని దిండు కుట్టారు. ఆట నాటికి దిండు, డప్పులు, జనం కలిసి జీపుల్లో విశాఖపట్నం దిగారు.

మైదానం అంచున ఎజ్రా తల వంచుకుని కూర్చున్నాడు. “ఎంత అణకువో!” అని మురిసిపోయింది తల్లి. “పక్కనోళ్ళెవరు మామా?”

“ఈడి కింద పెద్దలు,” అన్నాడు భీముడు.

కాసేపటికి ఒళ్ళు వేడెక్కించుకుందామని ఎజ్రా లేచాడు.

“నువ్వెందుకు లెగిసినావురా? కూకో!” అని తల్లి అరిచింది. ఊరంతా డప్పులు వాయిస్తూ అందుకుంది. “ఎజ్రా, కూకో! ఎజ్రా, కూకో!”

తెలుగు రాని కోచ్‌కి అందులో పేరొక్కటే అర్థమైంది. ఇంతమంది ఆడించమంటున్నారు కాబోలనుకుని, అలిసిన ఆటగాణ్ణొకణ్ణి పిలిచి ఎజ్రాని లోపలికి తోశాడు.

“అయ్యో, దించీసినారు!” మగ్దలేనమ్మ దిండుని గుండెకి హత్తుకుని భోరుమంది. ఆమె కళ్ళు తుడుచుకునేలోగా ఎజ్రా గోలు కొట్టాడు. స్టేడియమంతా లేచి గంతులేసింది. కొండవాళ్ళు మాత్రం చావింట్లోలా కూర్చుండిపోయారు.

ఆట ముగియగానే ఎజ్రా ఎగురుకుంటూ వచ్చాడు. “అమ్మా! ఇంక నాకు బెంచీ లేదు! అన్ని ఆటలూ ఆడమన్నారు!”

మగ్దలేనమ్మ వాడి తల నిమిరింది. “దిగులెట్టుకోకు నాయనా. ఒళ్ళొంచి ఆడు. మళ్ళీ ఆళ్ళే కూకోబెడతారు.”

దిండు మాత్రం భీముడి బెంచీకి సరిగ్గా సరిపోయింది.