కంప్యూటరుకు నలత

"ఈ కార్యాలయమున గూఢచారులకు తావు లేదు! ఇచ్చటి గోడలకు చెవులు లేవు, కిటికీలకు కళ్లు లేవు, సిబ్బందికి నోళ్లు లేవు!"

జనన మరణాల నమోదు కార్యాలయంలో సూపరింటెండెంటు గారు నిలబడి ఇలా సెలవిస్తుంటే, టైపిస్టు కూర్చుని కంప్యూటరులో కొడుతోంది. అది భద్రతా వారోత్సవాల ప్రకటన. వచ్చే సోమవారం డైరెక్టరు గారు తనిఖీకి వచ్చి, అత్యంత భద్రమైన కార్యాలయం ఏదో తేల్చి, దానికి ఇత్తడి డాలు ఇచ్చిపోతారు. "నోళ్లు లేవు" దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఎర్రటి చదరం ఒకటి విచ్చుకుని, "అభినందనలు! మీరే మా పదిలక్షలవ అతిథి!" అన్నది.

"ఎవరమ్మా అభినందిస్తున్నది?" అన్నారాయన, సంతోషం దాచుకోలేక.

"మిమ్మల్ని కాదండీ. దీనికే ఏదో అయింది."

ఆ కంప్యూటరు పన్నెండేళ్ల నాటిది. పొద్దున్నే మీట నొక్కితే, హెడ్డుగుమాస్తా పేపరులో వాతావరణం దాకా చదివాక గాని కళ్లు తెరిచేది కాదు. టైపిస్టు ఇంట్లో మంచాన పడ్డ అత్తగారితో ఎలా వేగేదో దానితోనూ అలాగే వేగేది. గట్టిగా ఒక మాట అనకుండా, మధ్యమధ్య వీపు నిమురుతూ. కానీ ఈ నెల అది మరీ మితిమీరింది. మరణ ధ్రువపత్రం తెరిస్తే చాలు, బట్టతలకు మందు ప్రకటన వచ్చేది. తండ్రి పోయి పత్రం కోసం వచ్చిన ఒకాయన దాన్ని ఆసాంతం చదివి, "ఇక మా నాన్నకు అవసరం లేదండీ" అని మర్యాదగా చెప్పి వెళ్లాడు.

చివరికి వీధి చివరి కొట్టు నుంచి మెకానిక్కును పిలిపించారు. పాతికేళ్ల పిల్ల, చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు స్క్రూడ్రైవరు పెట్టుకుని వచ్చింది. పెట్టె విప్పి దుమ్ము దులిపింది. గది మొత్తం తుమ్మింది. తరవాత ఓ గంట తెర ముందు కూర్చుని తల ఊపింది.

"ఇందులో గూఢచారి ప్రోగ్రాం దూరిందండీ. స్పైవేర్ అంటాం. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డులతో సహా, ఎక్కడికో మోసేస్తోంది."

"హుష్! ఆ మాట ఎత్తకు తల్లీ!" సూపరింటెండెంటు గారు తలుపు వైపు చూశారు. "గూఢచారులకు తావు లేదని ఇప్పుడే సంతకం పెట్టాను."

"మరి ఉందిగదండీ?"

"ఉంటే ఉండొచ్చు. తావు మాత్రం లేదు. రెండూ వేరు."

హెడ్డుగుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "వైరస్ అని రాస్తే విచారణ పడుతుంది. జబ్బు అని రాస్తే కారణం అడుగుతారు. నలత అందామండీ. నలతకు ఎవరూ సంజాయిషీ అడగరు."

ఆ ప్రకారం 'కంప్యూటరుకు స్వల్ప నలత' అని ఫైలు పుట్టింది.

"ఏరేస్తే పోయే రకం కాదిది. వేళ్లు లోతుగా దిగాయి" అంది మెకానిక్కు. "డిస్కు మొత్తం తుడిచి, ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కించాలి."

టైపిస్టు కుర్చీలోంచి లేచింది. "తుడిచేస్తావా? పన్నెండేళ్ల పుట్టుకలూ చావులూ ఉన్నాయమ్మా అందులో!"

"ఎందుకక్కా కంగారు? ముందు రిజిస్టర్లన్నీ నా డిస్కులోకి నకలు తీసి, జల్లెడ పట్టి, తరవాతే తుడుస్తాను."

"బయటి డిస్కు పెట్టడానికి వీల్లేదు" అన్నాడు హెడ్డుగుమాస్తా. "గూఢచారులు వస్తారని రూలు."

"ఇప్పటికే లోపలున్నవాళ్ల సంగతో?"

"వాళ్ల గురించి రూలు లేదు."

అరపూట చర్చ జరిగింది. ఆఖరికి హెడ్డుగుమాస్తా ఆ డిస్కు నెత్తిన కార్యాలయపు ముద్ర ఒకటి గట్టిగా గుద్దాడు. బయటిది లోపలిదైపోయింది!

ఇక మిగిలింది బాధ్యత. కంప్యూటరు ముందు రోజూ కూర్చునేది ఎవరు? టైపిస్టు. కాబట్టి నలత తెచ్చింది ఎవరు? 'ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వనిచో దూర ప్రాంతమునకు బదిలీ చేయబడును' అని మెమో తయారైంది. కార్యాలయంలో టైపు వచ్చింది ఆవిడ ఒక్కర్తెకే గనక, అటక మీది పాత టైపు మిషను దింపించి ఆవిడ చేతే కొట్టించారు. అందులో రెండు తప్పులుంటే ఆవిడే దిద్దింది. సూపరింటెండెంటు గారి చేత సంతకం పెట్టించి, వచ్చి తన కుర్చీలో కూర్చుని, ముట్టినట్టు తనకు తానే సంతకం చేసుకుంది.

అప్పుడు మెమో మళ్లీ చదువుకుంది. దూర ప్రాంతమంటే ఆరు గంటల బస్సు. అత్తగారిని పక్క మీంచి ఎవరు లేపుతారు? ఎవరు తినిపిస్తారు?

పక్కన నకలు నత్తనడక నడుస్తోంది. టైపిస్టు కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగింది: "అమ్మాయ్, అది ఎప్పుడు దూరిందో తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదక్కా? ఇదిగో. పోయిన నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. దానంతటది రాలేదు, పిలిస్తే వచ్చింది. ఈ ప్రోగ్రాంతో పాటు."

ప్రోగ్రాం పేరు తెర మీద కనిపించింది: 'మీ పై అధికారి మీ గురించి లోలోపల ఏమనుకుంటున్నారో ఉచితంగా తెలుసుకోండి!'

ఆదివారం తాళాలు సూపరింటెండెంటు గారి దగ్గరే ఉంటాయి. టైపిస్టు కాగితం తీసి ఒక్క వాక్యం రాసి, మెమోతో సహా ఆయన గదిలోకి వెళ్లింది.

"సంజాయిషీ అండీ."

ఆయన పైకే చదివారు. "పోయిన నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు నేను మా ఇంట్లో మా అత్తయ్యకు తల దువ్వుచుంటిని." రెండోసారి మనసులో చదువుకున్నారు. ముఖం సున్నం కొట్టిన గోడైంది.

"తలుపు వెయ్యమ్మా."

వేసింది.

"అది పరీక్షార్థం చేశాను. గూఢచారి ఎలా వస్తాడో చూద్దామని."

"వచ్చాడండీ."

ఆయన మెమో అందుకుని నాలుగు ముక్కలు చేసి, ఆ నాలుగింటినీ జేబులో వేసుకున్నారు. నలతకు కారణం వార్ధక్యమని ఫైలులో రాసుకున్నారు. వార్ధక్యాన్ని ఎక్కడికని బదిలీ చేస్తారు!

నకలు పూర్తయింది. "తుడిచేస్తున్నానండీ" అని మెకానిక్కు మీట మీద వేలు పెట్టింది.

"ఆగు తల్లీ!" సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు. హెడ్డుగుమాస్తాను టీకి పంపించారు. టైపిస్టు ఉన్నదని తెలిసీ, గొంతు బాగా తగ్గించి, "ఫలితం... ఏమైనా వచ్చిందేమో చూస్తావా?" అన్నారు.

"ఏ ఫలితమండీ?"

"అదే. డైరెక్టరు గారు నా గురించి... తొంభై ఏడు శాతం దాకా వచ్చి ఆగింది. ఇంకో మూడే."

టైపిస్టుకు నవ్వు రావలసింది, రాలేదు. ముప్ఫై ఏళ్లు ఒక మనిషి ఎవరి మెప్పు కోసమో ఫైళ్లు మోసి, ఆదివారం ఎండలో తాళం తీసుకుని ఒక్కడే వచ్చి, ఈ పెట్టెను అడిగాడు. ఆవిడకు కోపమూ మిగిలింది, జాలీ వేసింది.

"అది జన్మలో నూరు కాదండీ" అంది మెకానిక్కు. "అడిగినవాళ్ల పాస్‌వర్డులు లాగడమే దాని పని."

ఆయన కాసేపు తెర వైపు చూసి, "సరే, తుడిచెయ్యి" అని గదిలోకి వెళ్లిపోయారు.

కొత్త సిస్టం ఆ ముసలిదానికి బరువని, తేలికపాటిది వెతికి ఎక్కించింది మెకానిక్కు. పాస్‌వర్డులన్నీ మార్పించింది. రిజిస్టర్లు తిరిగి లోపలికి వచ్చాక టైపిస్టు అన్నిటికన్నా చివరి పేజీ తెరిచి చూసింది. నిన్న పుట్టిన కవలలు ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. అప్పుడు గాని ఆవిడ మంచినీళ్లు తాగలేదు.

సోమవారం డైరెక్టరు గారు వచ్చారు. డాలు ఇచ్చారు. "అధికారికి గుండె నిబ్బరం ఉండాలి! కింది ఉద్యోగులు చాటున నా గురించి ఏమనుకున్నా నాకు లెక్కలేదు!" అని ఉపన్యసించారు. హెడ్డుగుమాస్తా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాడు. తరవాత ఫైళ్లు చూడాలని అందరినీ బయటికి పంపి, టైపిస్టును మాత్రం ఉండమన్నారు.

"ఆ మెకానిక్కు ఇళ్లకు కూడా వస్తుందామ్మా?"

"వస్తుందండీ. ఏమైనా..."

"మా ఇంట్లోదానికి కూడా కొంచెం నలత." ఆయన కాగితాలు అటూ ఇటూ జరిపారు. "కింది ఉద్యోగుల మనసులో మాట చెబుతుందంటే ఒకటి ఎక్కించాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ఇంటి చిరునామా అడిగింది, ఇచ్చాను. ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు!"

టైపిస్టు మెకానిక్కు నంబరు చీటీ మీద రాసిచ్చింది. ఆయన దాన్ని మడిచినా కుర్చీలోంచి లేవలేదు.

"ఇంతకీ నీకు తెలిసే ఉంటుంది. మీ సూపరింటెండెంటు నా గురించి ఎప్పుడైనా, ఏమైనా అనుకుంటాడా?"

"అయ్యో, ఎంత మాటండీ!" అంది టైపిస్టు. "ఆయన మీ గురించి ఆదివారాలు కూడా ఆలోచిస్తారు."

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, అంతటి అంకితభావానికి వెంటనే ఒక ప్రశంసాపత్రం టైపు చెయ్యమన్నారు.