యామిని కడుపునొప్పి

ఆదివారం పొద్దున ఏడింటికే నందిగామ చర్చి ముందు వ్యాను వచ్చి ఆగింది. జగ్గయ్యపేటలో సండేస్కూలు పిల్లల పాటల పోటీలు. పదహారుమందిని తీసుకెళ్లాలి, చీకటి పడకముందే మళ్లీ ఇళ్ల దగ్గర దింపాలి. ప్రేమకుమారి టీచరు వేసుకున్న ప్లాను అంతే.

"ఆ యామినిని దించెయ్యమ్మా," అన్నారు పాస్టరు శాంతయ్య. "పోయిన వారం కీబోర్డులో టీ పోసింది."

"వాళ్లమ్మ కువైట్ వెళ్లిన దగ్గర్నుంచి అలా అయిపోయిందండి. ఇంకో ఛాన్సివ్వండి అయ్యగారూ, నేను చూసుకుంటా."

"ఇదే ఆఖరు. ఇవాళ ఏదైనా జరిగిందా, రిజిస్టర్లో పేరు కొట్టేస్తా."

కిటికీ పక్కన పదేళ్ల యామిని విననట్టే గోళ్లు కొరుక్కుంటోంది. టీచరు ప్రాణం ఉసూరుమంది. వారం మొత్తంలో ఆ పిల్ల నవ్వే చోటు సండేస్కూలొక్కటే.

జగ్గయ్యపేటలో దిగి గంట కాలేదు, యామిని కనపడలేదు. హాల్లో లేదు, వరండాలో లేదు. సరిగ్గా అప్పుడే ఎదురయ్యారు పాస్టరు గారు.

"యామిని ఏదీ?"

"బాత్రూములో ఉందండి."

అబద్ధం దానంతటదే వచ్చేసింది. పది నిమిషాలకు ఆయన మళ్లీ అడిగారు. "ఇంకా రాలేదా?"

"కడుపునొప్పండి, పాపం."

శాంతయ్య గారిది మరీ మెత్తటి గుండె. పోటీలు ఆపించి, మైకు అందుకుని, ఆ బిడ్డ కోసం ప్రార్థన మొదలుపెట్టారు. రెండువందల మంది కళ్లు మూసుకున్నారు. టీచరు మాత్రం కళ్లు తెరిచి బెంచీల కింద వెతికింది. ఈలోగా రిటైర్డు నర్సు భారతీదేవి వెళ్లి బాత్రూము తలుపు బాదింది.

"పలకట్లేదండీ! స్పృహ తప్పినట్టుంది!"

ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. కుర్రాళ్లు తలుపు పగలగొట్టారు. వానకు ఉబ్బి బిగుసుకున్న ఆ తలుపు వెనక బకెట్టూ మగ్గూ తప్ప ఇంకేమీ లేవు.

"అయ్యో, పిల్లనెత్తుకుపోయార్రా!"

హాలంతా గోల, అందరూ వాకిట్లోకి పరిగెత్తారు. ఆ గోలలోకే సైరనుతో అంబులెన్సు వచ్చింది. దాని పక్కనే నందిగామ వ్యాను తలుపు తెరుచుకుంది. యామిని దిగింది. భుజమ్మీద నాలుగేళ్ల పిల్ల. సాక్షాత్తూ పాస్టరు గారి మనవరాలు!

"ఆ సైరన్ ఆపండి. ఇప్పుడే నిద్రపోయింది," అంది యామిని విసుగ్గా. "గౌను తడుపుకుందని అందరూ నవ్వారు. ఏడుస్తా వ్యానులో దాక్కుంది. నేనేడిస్తే మీరు ఏం అడక్కుండా పక్కన కూర్చుంటారు కదా టీచర్. అలాగే కూర్చున్నా."

మనవరాలు పాటల పిల్లల్లో ఉందనుకుంటున్న శాంతయ్య గబగబా దగ్గరికొచ్చారు. టీచరు ఏడ్చేసింది.

"కడుపునొప్పి అబద్ధమండి. నేనే ఆడా. కొట్టేస్తే నా పేరు కొట్టెయ్యండి."

పాస్టరు కనుబొమలు పైకి లేచాయి. యామిని చటుక్కున ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"ఇంకో ఛాన్సివ్వండి అయ్యగారూ. నేను చూసుకుంటా."

శాంతయ్య మనవరాలిని అందుకుని, కళ్లు తుడుచుకుని తలూపారు.

ఎలాగూ వచ్చాం కదా అని అంబులెన్సు వాళ్లు టీచరుకు బీపీ చూశారు. నూట డెబ్బై.