సెరీనా సిస్టర్ కొరకు ప్రార్థన అంశం

శనివారం ఉదయం సెరీనా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి క్లినిక్, పన్నెండుకల్లా ఇల్లు, నాలుగింటికి మెల్బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మరియరాణి ఆంటీ ఇంట్లో ప్రార్థన కూటం. క్లినిక్‌లో ఎడమ చేతి చర్మం కింద, గర్భం రాకుండా అగ్గిపుల్లంత ఇంప్లాంట్ పెడతారు. ఇక డిగ్రీ చేతికొచ్చేదాకా పిల్లల గురించి బెంగ ఉండదు.

ఆ అగ్గిపుల్ల దాకా రావడానికే ఆమెకు ఏడాదిన్నర పట్టింది. మొదట మాత్రలు. తను పనిచేసే వృద్ధుల ఏజ్డ్ కేర్‌లో షిఫ్టులు మారినప్పుడల్లా మాత్ర వేళ మారేది, మనసూ మారేది. ఒకరోజు ఓ ముసలాయన "థాంక్స్ లవ్" అన్నందుకు దుప్పట్ల గదిలోకి వెళ్ళి ఇరవై నిమిషాలు ఏడ్చింది. మాత్రలు మానేసి బాధ్యత భర్త నోవాకు అప్పగించింది. జనవరిలో నోవా ఒక్కసారి అజాగ్రత్తగా ఉన్నాడు. ఆ తరువాత పదకొండు రోజులు ఆమెకు నిద్ర లేదు. నోవా మాత్రం హాయిగా నిద్రపోయాడు. కాపర్ టీ ఎలా వేస్తారో నర్సింగ్ ల్యాబులో ప్లాస్టిక్ బొమ్మ మీద స్వయంగా చూసింది కాబట్టి దానికి ధైర్యం చాలలేదు. ఇంజెక్షన్ తీసుకున్న క్లాస్‌మేట్ రుచిత ఆరు నెలల్లో తొమ్మిది కేజీలు పెరిగింది.

"ఏదైనా ఒకటేనే. గుచ్చేది మనకే," అంది రుచిత.

సెరీనాకు చివరి సెమిస్టర్ మిగిలింది, ఆసుపత్రిలో చేయాల్సిన శిక్షణ ప్లేస్‌మెంట్‌తో సహా. అది తప్పితే చదువు పోతుంది. చదువు పోతే వీసా పోతుంది. ఆమె వీసా మీదే వచ్చి డాండెనాంగ్ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న నోవా కూడా పోతాడు.

ఇంప్లాంట్ పెట్టడం నిమిషంలో అయిపోయింది. రేపటిదాకా విప్పొద్దని డాక్టరు మోచేతికి పైన గట్టిగా కట్టు కట్టింది. మొత్తం కథ ఆ కట్టు దగ్గర మొదలైంది.

మరియరాణి ఆంటీది నర్సాపురం. పంతొమ్మిదేళ్ళుగా మెల్బోర్న్‌లో ఉంటోంది. తెలుగు క్రైస్తవ సహవాసంలో స్త్రీల ప్రార్థన నడిపేది ఆవిడే. గారెల పళ్ళెం అందిస్తూ సెరీనా చేతిని చూసింది.

"చేతికి ఆ కట్టేంటమ్మా?"

"బ్లడ్ టెస్ట్ ఆంటీ."

"రక్తం మోచేతి దగ్గర కదమ్మా తీస్తారు. షుగర్ టెస్టులకి తిరిగేదాన్ని, నాకు తెలీదా?"

"ఇది వేరే టెస్ట్ ఆంటీ."

నోవా నోటినిండా గారె పెట్టుకుని భార్యను ఆదుకోబోయాడు. "లేడీస్ ప్రాబ్లమ్ ఆంటీ. స్పెషల్ టెస్ట్."

పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. లేడీస్ ప్రాబ్లమ్. స్పెషల్ టెస్ట్. ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సెరీనా తలమీద చెయ్యి వేసి, "నేను ఎవరికీ చెప్పన్లేమ్మా," అంది.

ఆ సహవాసంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం పాపం. అదే సంగతి మీద ప్రార్థించమని కోరడం ప్రేమ. ఆదివారం మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులో ప్రేమ వచ్చింది. "పేరు చెప్పడం లేదు. నర్సింగ్ చదువుతున్న ఒక సిస్టర్, భర్త డాండెనాంగ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, తెల్ల కరోలా, గర్భఫలం కొరకు ప్రార్థించగలరు."

గ్రూపులో ముప్పై ఎనిమిది మంది. అందులో ఒకావిడ నోవాకు పెద్దమ్మ వరస. సోమవారం ఉదయం నర్సాపురం నుంచి అత్తగారు ఫోన్ చేసింది.

"చదువు చదువు అంటే నమ్మానమ్మా. లోపం ఉందని ఒక్క మాట చెప్తే పోయేదిగా."

"లోపం ఏం లేదు అత్తయ్యా."

"అయితే మావాడిలోనా?"

సెరీనా నోవా వైపు చూసింది. నోవా తలను అడ్డంగా, చాలా వేగంగా ఊపాడు.

"కాదత్తయ్యా."

"మరింకేం, నీలోనే."

దాచుకున్నది చెప్పేద్దామని సెరీనా నోరు తెరిచింది. చెబితే ఏమవుతుందో కనిపించింది. దేవుడిచ్చే బిడ్డను చేతిలో పుల్లతో ఆపిన కోడలు. మళ్ళీ మూసుకుంది.

బుధవారం నుంచి ఇరవై ఒక్క రోజుల గొలుసు ఉపవాసం మొదలైంది. ఇంటికొక రోజు. తొమ్మిదో రోజు సెరీనా వంతు. తనకు బిడ్డ కావాలని తనే పస్తుండాలి. అన్ని అబద్ధాలు ఆడిన మనిషికి ఆ ఒక్క విషయంలో ఆడబుద్ధి కాలేదు. నిజంగానే ఏమీ తినలేదు.

అప్పటికి ఇంప్లాంట్ తన పని ప్రారంభించింది. పెట్టిన నాలుగో రోజు మొదలైన రక్తస్రావం ఆగలేదు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, కొందరికి ఇలా అవుతుందని, సర్దుకోవడానికి కొన్ని నెలలు పట్టవచ్చని చెప్పారు. ఖాళీ కడుపుతో, ఎనిమిది గంటలు వార్డులో నిలబడి, ఆంటీ భర్త తోమాసు అంకుల్ కారులో నేరుగా కూటానికి వచ్చిన సెరీనా, ఆంటీ "ఆమెన్" అనగానే తివాచీ మీద పడిపోయింది.

కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"కళ్ళు తిరిగాయామ్మా?" అంది ఆంటీ మెల్లగా.

"అవునాంటీ, పొద్దుట్నుంచి ఏం తిన..."

మిగతా మాట స్తోత్రగీతంలో కలిసిపోయింది. మంచినీళ్ళు వచ్చేలోపే గ్రూపులో సందేశం వెళ్ళింది. దేవుడు కార్యం చేశాడు.

రెండు రోజులు ఆమె గర్భవతిగా బతికింది. ఎవరో పచ్చి మామిడికాయలు పంపారు. అత్తగారు ఫోన్‌లో ఏడ్చింది, మగపిల్లాడికి పేరు కూడా అనుకుంది. మూడోరోజు సెరీనా తట్టుకోలేక ఆంటీకి ఫోన్ చేసి, ఈ మొత్తం వ్యవహారంలో మొదటిసారి నిజం చెప్పింది.

"ఆంటీ, నాకు ప్రెగ్నెన్సీ లేదు. బ్లీడింగ్ అవుతోంది."

అన్ని అబద్ధాలకంటే ఆ నిజమే ఎక్కువ నష్టం చేసింది. గర్భం పోయిందనుకుని అవతల ఆంటీ ఏడుపు అందుకుంది. ఆదివారం సహవాసం అంతా లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడింది, ఎన్నడూ లేని ఒక బిడ్డ కోసం. సెరీనా కూడా నిలబడింది. ఏడ్చింది కూడా. ఎవరి కోసం ఏడుస్తోందో ఆమెకు తెలియలేదు. ఇంటికొస్తే గుమ్మం దగ్గర మూడు క్యారేజీల పథ్యం కూర ఉంది.

ఆ మధ్యాహ్నం అత్తగారు తీర్పు చెప్పింది. టికెట్ చూస్తోంది. వచ్చి కోడలిని తీసుకెళుతుంది. ఏడాదిపాటు చదువు ఆపి నర్సాపురంలో మందులు వాడాలి.

నోవా మంచం అంచున కూర్చుని, కాళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "తీయించేద్దామా?"

"ఏది?"

"రాడ్. అందరూ ఇంత ఇదిగా... నాకే ఏదోలా ఉంది."

"తీయించేశాక వీసా కోసం ఎవరు చదువుతారు, నువ్వా?"

నోవా అటు తిరిగి పడుకున్నాడు. తీయించొద్దని మాత్రం అనలేదు. సెరీనాకు భయం వేసింది అందుకే. ఇంతమంది ఒకవైపు, తను ఒక్కతే ఇంకోవైపు. ఎన్నాళ్ళని నిలబడుతుంది? సోమవారం పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేసి, తీయించుకోవడానికి మంగళవారం టైమ్ తీసుకుంది.

ఫోన్ పెట్టేసరికి తలుపు చప్పుడైంది. మరియరాణి ఆంటీ, చేతిలో కోడి సూపు.

"వేడిగా ఉన్నప్పుడే తాగమ్మా. రేపు కూడా తెస్తా."

"రేపు నేనుండను ఆంటీ. క్లినిక్‌కి వెళ్ళాలి."

"మళ్ళీ టెస్టా తల్లీ?"

ఆ 'తల్లీ' దగ్గర సెరీనా ఓపిక అయిపోయింది. ఆంటీ వేలు పట్టుకుని తన చేతి లోపలివైపు పెట్టింది.

"ఇదేంటమ్మా, గట్టిగా?"

"పిల్లలు పుట్టకుండా ఆంటీ. నేనే పెట్టించుకున్నా. ఆరోజు కట్టు దీనిదే. బ్లీడింగూ దీనిదే. నాకు ఏ బిడ్డా పోలేదు."

ఆంటీ వేలు అక్కడే ఉండిపోయింది. ఇక పాస్టరుగారికి, నర్సాపురానికి, మొత్తం గ్రూపుకి తెలిసిపోతుంది. సెరీనా కళ్ళు మూసుకుంది.

"నొప్పా?" అంది ఆంటీ.

"లేదు."

"నోవాకి తెలుసా?"

"తెలుసు. ఇద్దరం అనుకునే చేశాం."

"ఇద్దరూ అనుకున్నారా," అంది ఆంటీ, ఆ మాట తనకు కొత్తగా ఉన్నట్టు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా రెండోది షీనా పుట్టిన ఏడో రోజునే నాకు ఆపరేషన్ చేయించేశారమ్మా. ఇరవై రెండేళ్ళు నాకు. మా అత్తగారూ మీ అంకులూ మాట్లాడుకున్నారు. ఇద్దరు చాలన్నారు. నన్నెవరూ అడగలేదు."

"మీరు చెప్పలేదా ఆంటీ, వద్దని?"

"అడిగితే కదా చెప్పేది. నాకు ఇంకొకళ్ళు కావాలని ఉండేది. అందుకే ఎవరికైనా పిల్లల్లేరంటే నాకు మనసు ఆగదు. నాకలా ఉండేదని మీ అంకుల్‌కి ఇప్పటికీ తెలీదు." పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు క్లినిక్‌కి దేనికి?"

"తీయించుకోడానికి."

"ఎవరు తీయించుకోమన్నారు?"

"అందరూ."

"నిన్ను అడిగారా?"

సెరీనా తల అడ్డంగా ఊపింది. ఆంటీ సూపు గిన్నె పక్కకు జరిపి, సంచిలోంచి కళ్ళజోడు తీసింది.

"అది ఎన్నాళ్ళు పనిచేస్తుందమ్మా?"

"మూడేళ్ళు ఆంటీ."

ఆంటీ ఫోన్ మీద ఒక్క వేలితో, చాలాసేపు, అక్షరం అక్షరం కొట్టింది. సెరీనా ఫోన్ మోగింది.

"సెరీనా సిస్టర్ విషయమై భారంతో ప్రార్థించగా, మూడు సంవత్సరాలు ఓపికతో కనిపెట్టుకొని ఉండమని ప్రభువు బయలుపరిచారు. అంతవరకు ఎవరూ ఆమెను ఏమీ అడగకూడదు."

మధ్యాహ్నానికి అత్తగారు ఫోన్ చేసి, దేవుడే చెప్పాక తానెంత అని, టికెట్ ఆలోచన మానుకుంది. సెరీనా క్లినిక్‌కి ఫోన్ చేసి మంగళవారం రావడం లేదని చెప్పింది.

గ్రూపులో అందరూ ఆమెన్ అన్నారు. ప్రభువు గడువు అంత కచ్చితంగా ఎలా చెప్పాడని ఒక్కరూ అడగలేదు.